చికోరీ ఎంత? బ్లెండెడ్ విస్కీ అనే మాట వెనక ఉన్న లెక్కలు

కాఫీ గింజలు అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే కొట్టుకు వెళ్తే, తూకం ముందు నిలబడ్డాయన అడిగే మాట ఒకటుంటుంది: "చికోరీ ఎంత వేయమంటారు?" ఎనభై ఇరవై అని ఒకరంటారు, అరవై నలభై చాలని ఇంకొకరు, అసలు వద్దని మరొకరు. దానికి ముందే ఇంకో బేరం నడుస్తుంది. పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఎంత, చవకైన రోబస్టా కలపాలా వద్దా అని. ఇవన్నీ కాఫీ గింజల రకాలే. రెండూ కలపడమే. అయినా పీబెర్రీలో ప్లాంటేషన్ కలపడం, కాఫీలో చికోరీ కలపడం ఒకటేనని కాఫీ తాగే ఇంట్లో ఎవరూ అనరు. మొదటిది కాఫీలో కాఫీ. రెండోది కాఫీలో ఇంకేదో, ఒక మొక్క వేరును వేయించి కొట్టిన పొడి. ప్యాకెట్ కొన్నా, కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది దాని మీద అచ్చు వేసి తీరాలి. కాఫీ వాటా 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార ప్రమాణాలు చెబుతాయి.

వైన్ షాపు దగ్గర ఈ ప్రశ్న ఎవరూ అడగరు. (ఆ షాపుల్లో వైన్ కొనేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.) విస్కీ సీసా మీద 'బ్లెండెడ్', అంటే కలిపినది, అని ఉంటుంది, అంతటితో సరి. ఆ మాట చూసి కొందరు ఇది తక్కువ రకం అనుకుంటారు, సింగిల్ మాల్ట్ ఒక్కటే అసలు సరుకనుకుంటారు. ఇంకొందరికి బ్లెండెడ్ అంటే అన్నీ ఒకటే, తేడా అంతా పేరులో, ధరలో ఉంది. నిజానికి స్కాట్లాండ్‌లో ఆ మాటకు ఒక అర్థం, అమెరికాలో ఇంకో అర్థం, మన దేశంలో మూడో అర్థం ఉన్నాయి. సీసాలో పీబెర్రీకి ప్లాంటేషన్ తోడైందా, కాఫీకి చికోరీ తోడైందా అన్నదే తేల్చుకోవాల్సింది.

అందుకు ముందు ముడిసరుకు తెలియాలి. రాగి మాల్ట్ తాగిన వాళ్లకు మాల్ట్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. గింజను నానబెట్టి, మొలక కట్టించి, ఆరబెట్టడమే. బార్లీతో ఆ పని చేసి, పిండి పట్టి, వేడినీళ్లలో తీపి దింపి, ఈస్ట్ వేసి పులియబెట్టి, రాగి పాత్రల్లో కాస్తే వచ్చేది మాల్ట్ విస్కీ. ఆ పాత్రను పాట్ స్టిల్ అంటారు. ఇడ్లీల్లాగే ఇది వాయిల లెక్క. ఒక వాయి దించాలి, పాత్ర ఖాళీ చేయాలి, మళ్లీ నింపాలి. స్కాట్లాండ్‌లో ఎక్కువచోట్ల రెండుసార్లు కాస్తారు. దిగేసరికి ఆల్కహాల్ 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మిగతా భాగంలో నీళ్లతో పాటు బార్లీ వాసన, పండ్ల వాసన, గింజను పీట్ (ఎండబెట్టి మండించే చిత్తడినేల మట్టి) పొగ మీద ఆరబెట్టి ఉంటే ఆ పొగ, అన్నీ వెంట వస్తాయి. అందుకే మాల్ట్ ఖరీదు, అందుకే దానికి ఘాటైన స్వభావం.

గ్రెయిన్ విస్కీ దారి వేరు. గోధుమ లేదా మొక్కజొన్నకు కొంత బార్లీ మాల్ట్ చేర్చి పులియబెడతారు. దాన్ని ఒక ఎత్తైన నిలువు స్తంభంలోకి పైనుంచి వదులుతారు, కిందనుంచి ఆవిరి ఎక్కుతుంది. పళ్లేల్లాంటి అంతస్తుల మీద రెండూ ఎదురుపడి, ఆల్కహాల్ ఆవిరితో పాటు పైకి పోతుంది. ఇక్కడ వాయిలు లేవు. రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. బలం 94 శాతం దాకా వస్తుంది. బలం పెరిగేకొద్దీ గింజ రుచి తగ్గుతుంది, సరుకు తేలికవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. స్కాట్లాండ్ చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. ఏ విస్కీ అయినా 94.8 శాతం కంటే తక్కువ బలంతోనే దిగాలి, గింజ వాసన ఎంతోకొంత మిగలాలి. ఈ అంకెను గుర్తు పెట్టుకుంటే మన దేశం సంగతి దగ్గర పనికొస్తుంది.

ఆ నిలువు యంత్రానికి 1830లో పేటెంట్ తీసుకున్నది ఏనియాస్ కాఫీ. (మొదట చెప్పిన కాఫీకి, ఈయన పేరుకు సంబంధం లేదు.) ఐర్లాండ్‌లో ఎక్సైజ్ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి, దొంగసారా బట్టీల మీద దాడులు నడిపించిన మనిషి. డబ్లిన్‌లోని పెద్ద విస్కీ కంపెనీలు ఆయన యంత్రాన్ని చిన్నచూపు చూశాయి. రుచి లేని సరుకు, దీన్ని విస్కీ అనరు అన్నాయి. స్కాట్లాండ్ వాళ్లు మాత్రం దాన్ని తీసుకెళ్లి బిగించుకున్నారు. 1853లో వచ్చిన చట్టం సుంకం కట్టకముందే గోదాములో విస్కీలను కలుపుకోనిచ్చింది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ రకరకాల వయసుల మాల్ట్‌లను కలిపి అమ్మడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. 1860 చట్టంతో మాల్ట్‌నూ గ్రెయిన్‌నూ కూడా సుంకం చెల్లించకముందే గోదాములో కలుపుకునే వీలు వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన బ్లెండెడ్ స్కాచ్ పుట్టింది ఆ గోదాముల్లోనే.

దాన్ని పెంచి పెద్ద చేసింది కిరాణా వర్తకులు. కిల్మార్నాక్‌లో జాన్ వాకర్ కొట్టు, అబర్డీన్‌లో షివాస్ సోదరుల కొట్టు అలాంటివే. టీ పొడులు కలిపి, ఏడాది పొడుగునా ఒకే రుచి వచ్చేలా చూసుకోవడం ఆ వ్యాపారానికి అలవాటైన పని. విస్కీకీ అదే కిటుకు వాడారు. అదే కాలంలో ఫ్రాన్స్‌లో ఫిలాక్సెరా పురుగు ద్రాక్ష తోటల్ని తినేసి, బ్రాందీ దొరకడం కష్టమైంది. లండన్ పెద్దమనుషుల గ్లాసులోకి బ్రాందీ బదులు ఈ తేలికపాటి స్కాచ్ చేరింది. ముతకగా, పొగ వాసనతో ఉన్న ఒంటరి మాల్ట్ అయితే ఆ గ్లాసులోకి అంత సులువుగా ఎక్కేది కాదు.

కలపడం ఎక్కడ ఆగుతుంది, కల్తీ ఎక్కడ మొదలవుతుంది? తెలుగులో ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి, గొడవ కూడా అక్కడే వచ్చింది. 1905లో లండన్‌లోని ఇస్లింగ్టన్ పురపాలక సంఘం, అడిగినదానికి తగిన సరుకు ఇవ్వలేదంటూ కొందరు మద్యం దుకాణదారుల్ని కోర్టుకు లాగింది. విస్కీ అని చెప్పి ఎక్కువ భాగం గ్రెయిన్ ఉన్న సరుకు పోశారన్నది ఆరోపణ. మేజిస్ట్రేట్ తప్పేనన్నాడు, అప్పీలు తేలలేదు. చివరికి 1908లో రాయల్ కమిషన్ వేశారు. గ్రెయిన్ కూడా విస్కీయే, రెండూ కలిపినదీ విస్కీయే అని 1909లో కమిషన్ తేల్చింది. ఆ తీర్పు ఇంకోలా వచ్చి ఉంటే జానీ వాకర్ అనే పేరు ఇవాళ ఇన్ని దేశాల్లో వినపడేది కాదేమో.

ఇప్పుడు స్కాట్లాండ్‌లో అమల్లో ఉన్న 2009 నిబంధనల ప్రకారం స్కాచ్ అయిదు రకాలు. ఒకే డిస్టిలరీలో మాల్ట్ బార్లీతో మాత్రమే, పాట్ స్టిల్‌లో కాచినది సింగిల్ మాల్ట్. 'సింగిల్' అంటే ఒకే పీపా అనుకుంటారు చాలామంది, కానీ ఒకే డిస్టిలరీ అని అర్థం. ఒక సింగిల్ మాల్ట్ సీసాలో అదే డిస్టిలరీకి చెందిన వందల పీపాల సరుకు కలిసి ఉండొచ్చు. అంటే సింగిల్ మాల్ట్‌లోనూ కలపడం ఉంది, పేరులోనే లేదు. ఒకే డిస్టిలరీ గ్రెయిన్ అయితే సింగిల్ గ్రెయిన్. మిగిలిన మూడూ బ్లెండెడ్ కుటుంబం.

అందులో బ్లెండెడ్ మాల్ట్ అంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ డిస్టిలరీల సింగిల్ మాల్ట్‌లు కలిపినది. ఇందులో గ్రెయిన్ చుక్క కూడా ఉండదు, పీబెర్రీలో ప్లాంటేషన్ లెక్కన్నమాట. జానీ వాకర్ గ్రీన్ లేబుల్, మంకీ షోల్డర్ ఈ రకమే. పాతకాలంలో దీన్నే వాటెడ్ మాల్ట్, ప్యూర్ మాల్ట్ అనేవారు. 2003లో ఒక పెద్ద గొడవయింది. కార్డూ అనే సింగిల్ మాల్ట్‌కు స్పెయిన్‌లో గిరాకీ పెరిగి సరుకు చాలక, దాని యజమాని డియాజియో ఇతర డిస్టిలరీల మాల్ట్‌లు కలిపి, పేరు అలాగే ఉంచి, 'ప్యూర్ మాల్ట్' అని రాసి అమ్మింది. కొనేవాళ్లకు తేడా తెలియదని పోటీ కంపెనీలు గోల చేశాయి, డియాజియో వెనక్కి తగ్గింది. 2009 నిబంధనలు ఆ రెండు పాత మాటల్నీ లేబుల్ మీదనుంచి తీసేశాయి.

ఈ రకానికే చెందిన ఒక తమాషా ఉంది. డిస్టిలరీలు తమ పీపాలను బయటివాళ్లకు అమ్మేటప్పుడు, కొన్నవాడు తమ పేరుతో సింగిల్ మాల్ట్ అని సీసా కట్టకుండా ఉండాలని పక్క డిస్టిలరీ మాల్ట్ కొంచెం, అంటే చెంచాడు, అందులో పోస్తారు. రుచి మారదు. కానీ చట్టం దృష్టిలో అది ఇక సింగిల్ మాల్ట్ కాదు. బాల్వెనీ పీపాలో గ్లెన్‌ఫిడిక్ చెంచాడు పడితే ఆ సరుకును వ్యాపారంలో 'బర్న్‌సైడ్' అంటారు. బ్లెండెడ్ అన్న మాట నాణ్యత గురించి ఏమీ చెప్పదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

బ్లెండెడ్ గ్రెయిన్ అరుదు. కంపాస్ బాక్స్ అనే చిన్న కంపెనీ తెచ్చిన హెడోనిజం లాంటివి తప్ప మన షాపుల్లో కనపడదు కాబట్టి వదిలేయొచ్చు. అసలు రాజ్యం మూడోదానిది, ఒట్టి బ్లెండెడ్ స్కాచ్‌ది. ఒకటి లేదా ఎక్కువ సింగిల్ మాల్ట్‌లు, ఒకటి లేదా ఎక్కువ సింగిల్ గ్రెయిన్‌లు కలిస్తే అది. జానీ వాకర్ రెడ్, బ్లాక్, షివాస్ రీగల్, బాలంటైన్స్, టీచర్స్, వాట్ 69 అన్నీ ఇందులోవే. మాల్ట్ ఇంత శాతం ఉండాలన్న నియమం చట్టంలో లేదు. మామూలుగా గ్రెయిన్ వాటాయే పెద్దది. అయితే కీలకం ఏమిటంటే, ఆ గ్రెయిన్ కూడా స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లు దాటని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు పడుకుని లేచిన విస్కీయే. నీళ్లు, కారమెల్ రంగు తప్ప ఇంకేమీ చేర్చడానికి వీల్లేదు. కాబట్టి ఇక్కడ చికోరీ లేదు. రోబస్టా ఉందనుకోవచ్చు.

కలిపేచోట పని ఎక్కువగా ముక్కుతోనే జరుగుతుంది. పీపాల నుంచి తెచ్చిన నమూనాలను తులిప్ పువ్వు ఆకారంలో ఉండే చిన్న గ్లాసుల్లో పోసి, ఆల్కహాల్ 20 శాతానికి వచ్చేదాకా నీళ్లు కలుపుతారు. ఘాటు అంతకంటే ఎక్కువుంటే ముక్కు మొద్దుబారుతుంది. ఒకదానిలో తేనె, ఒకదానిలో ఎండుద్రాక్ష, ఇంకోదానిలో కాలిన తాడు వాసన. రోజుకు పదుల కొద్దీ వాసన చూడాలి, తాగితే పని సాగదు. ఇలా కలిపే మనిషి, అంటే బ్లెండర్, ఎదుర్కొనే అసలు చిక్కు కొత్త రుచి కనిపెట్టడం కాదు. నిరుడు వాడిన ఒక మాల్ట్ ఈ ఏడు దొరకదు, ఒక డిస్టిలరీ మూతపడుతుంది, పీపాలు మారిపోతాయి. అయినా సీసాలో రుచి నిన్నటిలాగే ఉండాలి. పెళ్లి భోజనాల్లో వెయ్యిమందికీ పులిహోర ఒకేలా అందించే వంటవాడి పనిలాంటిది. ఇందుకోసమే స్కాట్లాండ్ కంపెనీలు పోటీదారులై ఉండి కూడా ఒకరి మాల్ట్ పీపాలను మరొకరితో మార్చుకుంటాయి.

వయసు లెక్క కూడా ఇక్కడే తెలుసుకోవాలి. బ్లాక్ లేబుల్ మీద 12 అని ఉంటే, అందులో కలిసినవాటిలో అన్నిటికంటే చిన్నది 12 ఏళ్లది అని అర్థం. ఇరవై ఏళ్లదీ ఉండొచ్చు. కానీ మూడేళ్లది ఒక గ్లాసుడు కలిపినా, లేబుల్ మీద వయసు వేస్తే 3 అనే వేయాలి. ఈ నియమం కొనేవాళ్లను కాపాడుతుంది, అప్పుడప్పుడు నిజాన్ని కూడా దాచేస్తుంది. 2015లో కంపాస్ బాక్స్ తన రెండు విస్కీల్లో ఏ డిస్టిలరీది, ఎన్నేళ్లది, ఎంత శాతం కలిపిందో మొత్తం బయట పెట్టింది. అలా అన్ని వయసులూ చెప్పడం చట్టానికి విరుద్ధమని అభ్యంతరం వచ్చి, ఆ వివరాలు తీసేయాల్సి వచ్చింది. కాఫీ ప్యాకెట్ మీద శాతం రాయకపోతే తప్పు, ఇక్కడ రాస్తే తప్పయింది.

ఐర్లాండ్ సంగతి క్లుప్తంగా. అక్కడ మాల్ట్, గ్రెయిన్‌లతో పాటు మూడోది ఉంది. మొలకెత్తిన బార్లీ, మొలకెత్తని బార్లీ కలిపి పాట్ స్టిల్‌లో కాచేది. మొలకెత్తని బార్లీ వల్ల నూనె జిడ్డులాంటి చిక్కదనం, మిరియాల ఘాటు వస్తాయి. దాన్ని గ్రెయిన్‌తో కలిపితే జేమ్సన్. ఒకప్పుడు ఏనియాస్ కాఫీ యంత్రాన్ని వెక్కిరించిన దేశం చివరికి బ్లెండ్‌తోనే మళ్లీ నిలదొక్కుకుంది. కెనడాలో ఒక్కో గింజను విడివిడిగా కాచి, విడివిడిగా పీపాల్లో పెట్టి, తర్వాత కలపడం అలవాటు. పదకొండో వంతు దాకా వైన్ గానీ వేరే మద్యం గానీ చేర్చుకునే వెసులుబాటు కూడా ఉంది. జపాన్ పెద్ద కంపెనీలకు స్కాట్లాండ్‌లాగా పీపాలు మార్చుకునే అలవాటు లేదు. అందుకే ఒకే కంపెనీ తన డిస్టిలరీల్లోనే పది రకాల మాల్ట్‌లు చేసుకుని కలుపుకుంటుంది, సంటోరీ వాళ్ల హిబికి అలా వచ్చిందే. అక్కడ బయటి దేశాల విస్కీ తెచ్చి సీసా కట్టి 'జపనీస్' అని అమ్మే పద్ధతి చాలాకాలం నడిచింది. 2021లో ఉత్పత్తిదారుల సంఘమే నియమాలు పెట్టుకుని దానికి అడ్డుకట్ట వేసింది.

అమెరికాకు వస్తే 'బ్లెండెడ్' అన్న మాట అర్థమే మారిపోతుంది. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు ఉన్న 'స్ట్రెయిట్' విస్కీ ఇందులో 20 శాతం ఉంటే చాలు. మిగతా 80 శాతం పీపా మొహం చూడని, గింజ వాసనంటూ మిగలని న్యూట్రల్ స్పిరిట్ కావచ్చు. మద్యనిషేధం 1933లో ఎత్తేసినప్పుడు గోదాముల్లో పాత సరుకు తక్కువగా ఉండటంతో ఇలాంటి విస్కీ బాగా పుంజుకుంది. 'బ్లెండెడ్ బర్బన్' (బర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసే అమెరికా విస్కీ) అని రాయాలంటే మాత్రం 51 శాతం స్ట్రెయిట్ బర్బన్ ఉండాలి. 'బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్' అంటే మళ్లీ అంతా స్ట్రెయిట్ విస్కీయే. ఒక్క మాట అటూ ఇటూ జరిగితే సీసాలో సరుకే మారిపోతుంది.

ఇక మన దేశం. లీటర్ల లెక్కన ప్రపంచంలో విస్కీ ఎక్కువ తాగేది ఇక్కడే. ఆ విస్కీలో పెద్ద భాగానికి పునాది ఈఎన్‌ఏ, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్. చక్కెర మిల్లులో పంచదార తీశాక మిగిలే నల్లటి మడ్డి నుంచి గానీ, నూకలు, మొక్కజొన్న నుంచి గానీ తీస్తారు. బలం 96 శాతం. స్కాట్లాండ్ గీసిన గీత 94.8 శాతం. చూడటానికి తేడా ఒకటి పైచిలుకే. కానీ ఆ గీత దాటాక దేని నుంచి తీశారో చెప్పే వాసన దాదాపు మిగలదు, మిగలకూడదన్నదే 'న్యూట్రల్' అన్న పేరులో ఉంది. అన్నిటికంటే పెద్ద తేడా తర్వాతి మెట్టులో వస్తుంది. గ్రెయిన్ విస్కీ పీపాలోకి వెళ్లి మూడేళ్లు ఉంటుంది. ఈఎన్‌ఏ నేరుగా కలిపే ట్యాంకులోకి వెళ్తుంది. ఇన్నేళ్లు పీపాలో ఉండాలన్న నియమం మామూలు ఇండియన్ విస్కీకి లేదు. మడ్డితో చేసినది విస్కీయే కాదని ఐరోపా సమాఖ్య అంటుంది, అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వదు.

అలాగని మన సీసాలన్నీ ఒక గాటన కట్టేయడం కూడా తప్పే. అడుగు మెట్టులో ఈఎన్‌ఏకు కాస్త మాల్ట్, కారమెల్ రంగు, సువాసన చేర్చినవి ఉంటాయి. దాని పైన రెండో మెట్టులో, రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్ లాంటి పేర్ల దగ్గర, మడ్డి బదులు ధాన్యం స్పిరిట్ వస్తుంది, దానికి స్కాట్లాండ్ నుంచి తెచ్చిన మాల్ట్ కలుస్తుంది. ఆ మాల్ట్ ఏ రకమన్నది కూడా చట్టంతో ముడిపడిన విషయమే. 2012 నుంచి సింగిల్ మాల్ట్‌ను స్కాట్లాండ్‌లోనే సీసా కట్టాలి, పెద్ద డబ్బాల్లో బయటికి పంపకూడదు. కాబట్టి ఇక్కడ కలపడానికి ట్యాంకుల్లో వచ్చే స్కాచ్ మాల్ట్ అప్పటికే ఒకటి కంటే ఎక్కువ డిస్టిలరీలది కలిసిన బ్లెండెడ్ మాల్ట్ అయి ఉంటుంది. అంటే మన సీసాలో ఉన్నది బ్లెండ్‌లో బ్లెండ్.

మూడో మెట్టు మీద చాలామంది పొరపడతారు. టీచర్స్, 100 పైపర్స్, వాట్ 69 లాంటివి ఇక్కడ సీసా కట్టినంత మాత్రాన ఇండియన్ విస్కీలు కావు. బ్లెండెడ్ స్కాచ్‌ను ఎక్కువ బలంతో ట్యాంకుల్లో తెచ్చి, ఇక్కడి నీళ్లతో పలచన చేసి నింపుతారు. వ్యాపారంలో వీటిని 'బీఐఐ' అంటారు, బాటిల్డ్ ఇన్ ఇండియా. విదేశంలోనే సీసా కట్టి వచ్చేది 'బీఐఓ', బాటిల్డ్ ఇన్ ఆరిజిన్. రెండింటిలోనూ ఉన్నది స్కాచే.

లేబుల్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే 42.8 శాతం అన్న అంకెకూ ఒక కథ ఉంది. బ్రిటిష్ వాళ్ల పాత లెక్కలో 57.1 శాతం ఆల్కహాల్‌ను 'ప్రూఫ్' అనేవారు. అందులో నాలుగోవంతు తగ్గిస్తే 75 డిగ్రీలు, అంటే 42.8. కొన్ని సీసాల మీద ఇప్పటికీ '25 యు.పి.' అని కనపడేది అదే, ప్రూఫ్ కంటే పాతిక తక్కువని. తెల్లవాళ్లు వాళ్ల దేశంలో ఆ లెక్క వదిలేసి 40కి దిగారు. మన క్వార్టర్ సీసా మీద అది అలాగే ఉండిపోయింది.

మన దగ్గర మాల్ట్ లేదని కాదు. బెంగళూరు అమృత్ వాళ్లు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ను తీసుకెళ్లి గ్లాస్గోలోనే విడుదల చేశారు. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే, బెంగళూరు ఎండకు పది శాతం దాకా పోతుంది. సరుకు తొందరగా పక్వమవుతుంది, తొందరగా ఖాళీ కూడా అవుతుంది. పన్నెండేళ్లు ఆగితే పీపాలో మిగిలేది అడుగునే. కాబట్టి మన మాల్ట్ మీద వయసు అంకె చిన్నగా ఉంటే చిన్నచూపు అక్కర్లేదు. కానీ అలా ఆవిరైపోయిన భాగం ఖర్చును భరించి, ఆ మాల్ట్‌ను చవక బ్లెండ్‌లో ధారాళంగా పోయాలంటే ఏ కంపెనీకీ గిట్టదు. అందుకే ఈఎన్‌ఏ వాటా అంత పెద్దది.

2025 జులైలో భారత్, బ్రిటన్ సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం స్కాచ్ మీద 150 శాతం ఉన్న సుంకాన్ని మొదట 75కి, పదేళ్లలో 40కి తగ్గిస్తుంది. వార్తల్లో అందరూ జానీ వాకర్ ఎంత తగ్గుతుందో లెక్కలు వేశారు. ట్యాంకుల్లో వచ్చే స్కాచ్‌కూ ఆ తగ్గింపు ఉంది. అది చవకైతే రెండో మెట్టు సీసాల్లో స్కాచ్ వాటా పెంచుతారా, లేక అదే వాటా ఉంచి లాభం మిగుల్చుకుంటారా అన్నది కంపెనీల ఇష్టం. పెంచినా, పెంచకపోయినా సీసా చేతిలో పట్టుకున్నవాళ్లకు తెలిసే దారి లేదు. లేబుల్ మీద 'ఇండియన్ గ్రెయిన్ స్పిరిట్స్, స్కాచ్ మాల్ట్స్ మిశ్రమం' అన్న వరుస అలాగే ఉంటుంది, ఏది ఎంత అన్నది ఉండదు.